వేపమండ వెనక ముఖం

హేమలత ముఖం కడుక్కుని తల ఎత్తేసరికి నల్లమ్మ రెండు చేతులూ జోడించి ఎదురుగా నిలబడి ఉంది.

"తల్లీ, చల్లగా చూడమ్మా. తెలీక ఏమన్నా తప్పు చేసింటే బిడ్డ మీద పెట్టుకోవద్దు."

నిన్న పొద్దున ఇదే కొళాయి దగ్గర "ఒక మొగం కడిగేదానికి అన్ని నీళ్లా?" అని గద్దించిన మనిషి. నాయనమ్మ తనకు దండం పెట్టడం హేమలతకు ఇరవయ్యేళ్ల బతుకులో ఇదే మొదలు.

"ఏం చేస్తాండావవ్వా? నాకు మొక్కుతావేమి?"

"నీకు కాదులే. నీ మొగం మీద కూర్చున్న తల్లికి." నల్లమ్మ గొంతు తగ్గించింది. "నీకు అమ్మ పోసిందే."

హేమలత కొళాయి పక్కన గోడకున్న చిన్న అద్దంలోకి చూసింది. రెండు చెంపలూ, గడ్డమూ ఎర్రగా పొంగి ఉన్నాయి. వాటి మీద తెల్లటి మొనలతో చిన్న చిన్న పొక్కులు. నిన్నటికన్నా ఎక్కువే ఉన్నాయి. అవ్వ భయపడటంలో తప్పేమీ లేదు.

"అమ్మా కాదు, ఏమీ కాదు. మొటిమలవ్వా. పార్లరు డబ్బాలో క్రీము మానేస్తే మొదట ఎక్కువైతాయి, తర్వాత తగ్గుతాయి అని డాక్టరమ్మ ముందే చెప్పింది. జరం కూడా లేదు, చెయ్యి పెట్టి చూడు."

"అమ్మో, తల్లి వచ్చిన బిడ్డను ఊరికే ముట్టుకుంటారా?" నల్లమ్మ రెండడుగులు వెనక్కి వేసి లోపలికి కేక పెట్టింది. "ఒరే గోవిందప్పా! పోయి నాలుగు వేపమండలు ఇరుచుకోని రా!"

గోవిందప్ప చేనికి బయల్దేరుతున్నాడు. జూన్ వచ్చినా చినుకు లేదు, శెనక్కాయ విత్తనం ఇంకా గోనెలోనే ఉంది. చేలో పని లేకపోయినా పొద్దున్నే ఒకసారి పోయి మట్టిని చూసి రావడం అతనికి అలవాటు. కూతురి ముఖం వైపు ఒకసారి, తల్లి ముఖం వైపు ఒకసారి చూశాడు. వాదనకు దిగడం కన్నా చెట్టెక్కడమే సులువనుకునే మనిషి. కొడవలి తీసుకుని వెళ్లిపోయాడు.

హేమలతకు నవ్వొచ్చింది. కన్నతల్లి సరళ లేచి వస్తే ఇదంతా ఒక్క నిమిషంలో తేలిపోతుంది. పోయిన ఎండాకాలం ఎదురింటి పసిబిడ్డకు పేలిన చెమటకాయలను చూసి అవ్వ ఇట్లాగే చేతులు జోడిస్తే, "చెమటకాయలకు కూడా దండం పెట్టిస్తావా అత్తా" అని పౌడరు అద్ది పంపించిన మనిషి అమ్మ. కంబదూరులో సొంతంగా బ్యూటీ పార్లరు పెట్టిన మొదటి ఆడమనిషి. వీధి గదిలో తిరిగే కుర్చీ, గోడనిండా అద్దం, తలుపు పైన ఫ్లెక్సీ బోర్డు. ఆ బోర్డు మీద హేమలత ముఖమే, పోయిన ఏడాది తీసిన ఫోటో. మచ్చ లేకుండా, మెరిసిపోతూ ఉంటుంది.

సరళ వచ్చింది. కూతురి ఎదుట నిలబడి ముఖాన్ని చాలాసేపు చూసింది. నవ్వలేదు.

అప్పుడే గోవిందప్ప మండలతో తిరిగొచ్చాడు. సరళ వాటిని అతని చేతిలోంచి తీసుకుని, ఇల్లు దాటి, పార్లరు గది దాటి, వీధి తలుపు దగ్గరకు నడిచింది. స్టూలు వేసుకుని ఎక్కింది. బోర్డు కింద, గుమ్మానికి, వేపమండలను తన చేత్తోనే కట్టింది.

"అత్తా, ఈ పొద్దు నుంచి తొమ్మిది దినాలు ఇంట్లో తాళింపు పెట్టొద్దు" అంది స్టూలు దిగుతూ. "ఎవరన్నా వస్తే బయట నుంచే పంపించేయి. పాపకు అమ్మ పోసిందని చెప్పు."

హేమలత నవ్వు ఆగిపోయింది.

* * *

పార్లరు గదిలో తల్లీకూతుళ్లు ఇద్దరే ఉన్నారు. సరళ కత్తెరలు తుడుస్తోంది. తుడిచిన వాటినే మళ్లీ తుడిచింది.

"ఇది అమ్మ కాదని నీకు తెలుసు కదమ్మా."

"తెలుసు."

"మరి మండ ఎందుకు కట్టినావు?"

"అరవద్దు. మీ అవ్వ వింటాది."

"వినాలనే అడుగుతాండా."

సరళ కత్తెర కింద పెట్టింది. "నిన్న ఈ కుర్చీలో కూర్చున్న ఆమె ఏమనిందో తెలుసా? నువ్వు ఆ పక్క నుంచి పోతాంటే చూసింది. 'సరళక్కా, నీ బిడ్డ మొగమే అట్లయితే ఇంక మా మొగాలు ఏం కావల్ల?' అనింది. సగం కనుబొమ్మ తీసినా. ఆ సగంతోనే లేసి పోయింది."

ఇంకోరోజైతే ఆ సగం కనుబొమ్మకు ఇద్దరూ కలిసి నవ్వుకునేవాళ్లే.

"ఆమె అడిగిందాంట్లో తప్పేముండాది?" అంది హేమలత.

అద్దం కింద అరలో తెల్లటి చిన్న డబ్బాలు వరసగా ఉన్నాయి. హిందూపురం నుంచి వచ్చే ఏజెంటు తెచ్చే ట్యూబులను మామూలు క్రీములో కలిపి, ఆమే ఆ డబ్బాల్లో నింపుతుంది. మొటిమలకు, నలుపుకు, మంగుకు అన్నిటికీ అదే డబ్బా. ఊళ్లో దానికి 'సరళక్క డబ్బా' అని పేరు. పూసిన వారానికల్లా ముఖం నున్నగా అవుతుంది. ఆరేళ్లుగా హేమలత ముఖమూ అట్లాగే నున్నగా ఉంది.

పందొమ్మిది రోజుల కిందట ఆ డబ్బానే సంచిలో వేసుకుని హేమలత అనంతపురం బస్సెక్కింది. చర్మం డాక్టరమ్మ మూత తీసి చూసి, ట్యూబు ఫోటో ఫోనులో చూసి, పెద్దగా నిట్టూర్చింది. అందులో ఉన్నది స్టీరాయిడ్ మందు. ఎరుపును, వాపును వెంటనే అణిచేస్తుంది కాబట్టి బాగైనట్టే కనిపిస్తుంది. ఏళ్ల తరబడి పూస్తే చర్మం పలచబడిపోతుంది. మానేస్తే అణిగి ఉన్నదంతా ఒక్కసారిగా పైకి లేస్తుంది. మానకపోతే ఇంకా చెడుతుంది. డాక్టరమ్మ మందుల చీటీ వెనక తెలుగులో రాసిచ్చింది. పొద్దున, సాయంత్రం మెత్తటి ఫేస్‌వాష్‌తో కడగాలి, రుద్దకూడదు. తడి ఆరకముందే మాయిశ్చరైజర్. పగలు సన్‌స్క్రీన్. ఒక నెల పోయాక మొటిమల జెల్, శెనక్కాయ విత్తనంలో సగమంత, రోజు విడిచి రోజు. గిల్లకూడదు. నిమ్మకాయ, పసుపు, పేస్టు ఏవీ తగలకూడదు. కింద ఒక గీత గీసి, 'పన్నెండు వారాలు ఓపిక పట్టాలి' అని రాసింది.

"తొమ్మిది దినాలు లోపలే ఉండు" సరళ మెల్లగా, ఎప్పుడో నేర్చుకున్న పాఠంలా చెప్పసాగింది. "ఈ పొద్దు నుంచే డబ్బాలోది మళ్లా పూసుకో. నీళ్లు పోసేనాటికి మొగం మునుపటి మాదిరైతాది. బయటికి వస్తే అమ్మ దిగిపోయిందంటారు. అమ్మ ఎవరికన్నా పోస్తాది. దానికి ఎవరూ ఏమీ అనరు."

"అంతా ఆలోచించి పెట్టుకున్నావే!"

"నేను కాకపోతే ఈ ఇంట్లో ఎవరు ఆలోచిస్తారు? మీ నాయనా?"

"మళ్లా పూసుకుంటే జన్మంతా పూసుకుంటానే ఉండల్ల. పందొమ్మిది దినాలు ఓర్చుకున్నానమ్మా. మంట పుట్టి ఏడ్చినా గాని ముట్టుకోలేదు."

"ఆ డాక్టరమ్మ చెప్పిందే నీకు వేదం. నేను ఈ కుర్చీలో ఎన్ని మొగాలు చూసినానో ఆమెకేం తెలుసు? అందరికీ పడింది. నాకూ పడింది."

"పడింది, పడింది అంటావు. పూసుకున్నోళ్ల మొగాలే చూసినావు, మానేసినోళ్ల మొగం చూసినావా? ఆమె ఇచ్చినవి ఎవరో ఒకరికి పడినాయని ఇచ్చినవి కాదమ్మా. వేలమందిలో కొందరికి పూసి, కొందరికి పూయకుండా, వారాల తరబడి పక్కపక్కన పెట్టి చూసినవి. నేను ఫోనులో చదివినా. కాలేజీలో మేడంను కూడా అడిగినా."

"నాకేమయింది చెప్పు? పదేండ్లుగా పూసుకుంటాండా."

హేమలత తల్లి చెంపల వైపు చూసింది. పలచటి చర్మం కింద సన్నని ఎర్రటి నరాలు దారపు పోగుల్లా కనిపిస్తున్నాయి. వీధిలోకి వెళ్లాలంటే కళ్లు మాత్రం వదిలేసి కొంగు చుట్టుకుంటుంది.

"నీకేమీ కాకపోతే పొయ్యి దగ్గర ఎందుకు నిలబడలేవు? ఈ వయసులో అవ్వ ఎందుకు రొట్టెలు కాలుస్తాంది?"

"మన తావున ఎండలు ఎట్లుంటాయో నీకు తెలీదా? ఎవరికి మండదు?"

"సంక్రాంతి చలిలో కూడా నిలబడలేదు కదమ్మా."

సరళ చెయ్యి తనకు తెలియకుండానే చెంప మీదికి పోయి, మధ్యలోనే ఆగిపోయింది.

"ఎప్పుడన్నా మానేసి చూసినావా?" హేమలత గొంతు తగ్గించి అడిగింది.

"చూసినా." సరళ చెయ్యి దించుకుంది. "కొత్తచెరువులో మా పిన్నమ్మ కూతురి పెండ్లికి పోతే డబ్బా మరిచిపోయినా. మూడో దినానికి మొగమంతా మండిపోయింది. తలనొప్పి అని చెప్పి తలంబ్రాలు కూడా చూడకుండా వచ్చేసినా."

అంటే అమ్మకు తెలుసు. ఇన్నాళ్లూ అమ్మకు తెలియదనే అనుకుంది. తెలియజెప్తే చాలనుకుంది. పందొమ్మిది రోజులుగా చీటీ చదివి వినిపించింది, ఫోనులో బొమ్మలు చూపించింది. అంతా తెలిసిన మనిషికే.

"తెలిసీ నాకు పూసినావా?"

"అప్పటికి నీకు పూసి రెండేండ్లయింది." సరళ మళ్లీ కత్తెర అందుకుంది. "నన్ను బడిలో పేరుతో పిలిచినోళ్లు లేరే. శెనక్కాయ మొగం అనేవాళ్లు. పైన గుంటలు గుంటలుగా ఉంటాది కదా, అట్ల. హాజరు పిలిచేటప్పుడు అయ్యవారు కూడా నవ్వినాడు. ఆ నవ్వు కోసరమే పదో తరగతి ఇడిచిపెట్టినా. నీకు పద్నాలుగో ఏట మొదటి మొటిమ వచ్చిన దినం నాకు అన్నం దిగలేదు. నా బిడ్డ నా మాదిరి కాకూడదని నా చేత్తో పూసినా. అది తప్పంటే తప్పే. పో."

ఆ 'పో'లో ఉన్న ఏడుపు హేమలతకు వినపడింది. కోపం సగం చచ్చిపోయింది. సగం కోపంతో ఎట్లా పోట్లాడాలో ఆమెకు తెలియలేదు.

"అప్పుడు తెలీక పూసినావు. ఇప్పుడు తెలుసు కదమ్మా" అంది.

సరళ అరలోంచి ఒక డబ్బా తీసి కూతురి చేతిలో పెట్టింది. "తొమ్మిది దినాలు" అని, గది బయటికి వెళ్లిపోయింది.

* * *

లోపలి గదిలో నల్లమ్మ అప్పటికే చాప పరిచి వేపాకు చల్లి ఉంచింది. రాగి అంబలి, పెరుగు పక్కన పెట్టింది. డాక్టరమ్మ రాసిచ్చిన సీసాలు మూడూ, జెల్ ట్యూబూ కిటికీలో లేవు.

"యాడ పెట్టినావవ్వా?"

"రాగుల డ్రమ్ములో. తల్లి ఉన్నంత కాలం ఇంగ్లీషు మందు తగలకూడదు. తగిలితే తల్లి కోప్పడతాది." నల్లమ్మ చిన్న గిన్నె పట్టుకుని దగ్గరికి జరిగింది. అందులో పచ్చి పసుపు, వేపాకు కలిపి నూరిన ముద్ద. "కండ్లు మూసుకో తల్లీ, చల్లగా పూస్తా."

హేమలత వెనక్కి జరిగింది. ఉత్త నీళ్లు తగిలితేనే భగ్గుమంటున్న చర్మం అది. అవ్వతో వాదించి లాభం లేదు. ఆమె ఇప్పుడు మాట్లాడుతోంది మనవరాలితో కానే కాదు.

అప్పుడు తట్టింది ఆ ఉపాయం. తడుతూనే సిగ్గుగా కూడా అనిపించింది.

"నల్లమ్మా!" అంది, పేరు పెట్టి.

నల్లమ్మ చేతిలో గిన్నె ఆగింది.

"నాకు పసుపు వద్దు."

"వద్దా తల్లీ?" ముసలామె గిన్నె కింద పెట్టింది. "మరి ఏం కావల్ల?"

"రాగుల డ్రమ్ములో పెట్టినవి తెచ్చియ్యి. నాలుగూ తెచ్చియ్యి. తెల్ల సీసాది ముందర పూసుకుంటా. అది చల్లగా ఉంటాది."

నల్లమ్మ మనవరాలి కళ్లలోకి అనుమానంగా చూసింది. హేమలత రెప్ప వేయలేదు. ఈ పిల్ల నాటకమాడుతోందని అనుకోవడానికి అవ్వకు ధైర్యం చాలలేదు. డెబ్బయ్యేళ్ల మనిషి వంగి, రాగుల్లో మోచేతిదాకా చెయ్యి దూర్చి, నాలుగింటినీ ఏరి, కొంగుతో తుడిచి, చాప మీద పెట్టింది. పెట్టి మళ్లీ దండం పెట్టింది.

హేమలత తెల్ల సీసాలోని మాయిశ్చరైజర్ రాసుకుంది. పసుపు నుంచి తప్పించుకుంది, నిజమే. కానీ అమ్మ గుమ్మానికి కట్టిన అబద్ధాన్నే తానూ వాడుకుంది. అవ్వ భక్తిని ఇద్దరూ కలిసి పంచుకు తిన్నట్లనిపించింది. ఒళ్లో సరళక్క డబ్బా అట్లాగే ఉంది. దాని మూత మీద కూడా తన ఫోటోయే ఉంది.

ఒక్కసారి పూస్తే రేపటికి మంట తగ్గిపోతుంది. ఆ సంగతి ఆమె ముఖానికి బాగా తెలుసు. డబ్బాను తలగడ కిందికి తోసేసింది.

* * *

పదకొండు గంటల వేళ వీధిలోంచి గొంతు వినిపించింది.

"వదినా! సరళ వదినా! ఇదేంది, మండ కట్టినారు?"

నాలుగిళ్ల అవతల మిషను కుట్టే సువార్త. సరళకు ఈ ఊళ్లో మనసు విప్పి మాట్లాడుకునే మనిషంటే ఆమె ఒక్కతే. వెంట కూతురు ఎస్తేరు వచ్చింది. ఇంకో వారంలో పదో తరగతికి పోవలసిన పిల్ల. చున్నీని ముక్కు మీదిదాకా చుట్టుకుంది.

లోపలి గది తలుపుకున్న పరదా సందులోంచి చూస్తే పార్లరూ, వీధి గుమ్మమూ సూటిగా కనిపిస్తాయి. హేమలత లేచి పరదా పక్కన నిలబడింది. వెనకే నల్లమ్మ కూడా వచ్చి నిలబడింది.

"లోపలికి రావద్దు వదినా" అంటోంది సరళ. "మా పాపకు అమ్మ పోసింది."

"అయ్యో!" సువార్త గుమ్మం బయటే ఆగిపోయింది. "ఎప్పటి నుంచి? మొగం మీదేనా? ఎర్రగా, చీము పట్టిన మాదిరి పొక్కులా?"

"అవును. నీకెట్ల తెలుసు?"

సువార్త వెనక్కి తిరిగి కూతురి చున్నీ తీసింది. ఎస్తేరు తల దించుకుంది. పదిహేనేళ్ల ముఖం, రెండు చెంపలూ హేమలత చెంపల్లాగే ఉన్నాయి.

"సెలవులకు గుంతకల్లులో మా చెల్లెలింటికి పోయింది వదినా. నీ డబ్బా తీసుకుపోలేదు. పది దినాలకు ఇట్ల వచ్చింది. మా మరిది రైల్వే డాక్టరుకు చూపిద్దామన్నా ఇది పోనంటుంది, సిగ్గు. సంఘంలో ప్రార్థన కూడా చేయించినా." సువార్త కళ్లలో నీళ్లు తిరిగాయి. "నీకు చెప్పేస్తా వదినా, మనసులో పెట్టుకోలేను. ఇదంతా నీ డబ్బా వల్లనే అనుకున్నా. నిన్న రాత్రి నిన్ను తిట్టుకున్నా కూడా. ఇప్పుడు ఈ మండ చూసినాక తెలిసింది. మీకు అమ్మే, మాకూ అమ్మే. అనవసరంగా నీ మీద పాపం కట్టుకుంటి. ఏమీ అనుకోవద్దు."

సరళ గుమ్మం పట్టుకుని నిలబడింది.

అమ్మా, చెప్పు, అనుకుంది హేమలత పరదా వెనక. నీ నోటితో నువ్వే చెప్పు. నేను చెప్పాల్సిన గతి పట్టించొద్దు.

"అవును వదినా" అంది సరళ. "ఊర్లో తిరుగుతాండాది ఈ తల్లి."

"ప్రభువు దయ. తగ్గిపోతాది కదా?"

"తగ్గిపోతాది."

"ఇంకో మాట. బడి తెరుస్తారు వచ్చే వారం. ఈ మొగంతో పోనని కూర్చుంది ఇది. పుస్తకాలు కూడా ముట్టుకోలేదు. ఈ లోపల నీ డబ్బా పూస్తే కొంచెమన్నా బాగవుతుందేమో. మునుపు దానికి బాగా పడింది. ఒక డబ్బా ఇయ్యి వదినా."

సరళ కదల్లేదు. ఎస్తేరు తల ఎత్తి ఆమెనే చూస్తోంది. ఆ పిల్ల చూపు నిండా ఆశే. ఆరేళ్ల కిందట అద్దం ముందు కూర్చుని తానూ అట్లాగే చూసి ఉంటుందనిపించింది హేమలతకు.

సరళ అర వైపు తిరిగింది. ఒక డబ్బా తీసింది. చేత్తో పట్టుకుని, మూత మీది కూతురి ఫోటోను బొటనవేలితో ఒకసారి తుడిచింది. ఇవ్వడానికి మనసు రావడం లేదని ఆ నిలబడ్డ తీరే చెబుతోంది. ఇవ్వకపోతే ఎందుకివ్వలేదో చెప్పాలి. అది చెప్పలేక గుమ్మం వైపు అడుగు వేసింది.

హేమలత పరదా తీసింది.

"తల్లీ, బయటికి పోకూడదు!" నల్లమ్మ మనవరాలి చెయ్యి పట్టుకోబోయి, ముట్టుకోవడానికి భయపడి వదిలేసింది.

హేమలత పార్లరు గదిలోకి వచ్చింది. పైన ట్యూబులైటు వెలుగుతోంది. గోడనిండా ఉన్న అద్దంలో తన ముఖం తనకే పూర్తిగా కనిపించింది. పందొమ్మిది రోజుల్లో పూర్తి వెలుతురులో పదిమందికి కనపడేలా నిలబడటం ఇదే మొదటిసారి. చేతులు ముఖం మీదికి పోబోయాయి. బలవంతంగా కిందికి దించుకుంది.

"అక్కా!" అంది ఎస్తేరు. తనలాంటి ముఖం ఇంకొకటి చూడటం ఆ పిల్లకూ మొదలే.

సరళ గిరుక్కున తిరిగింది. "హేమా, లోపలికి పో."

"ఆ డబ్బా ఇయ్యొద్దమ్మా."

"లోపలికి పో అంటాండానా!"

"పాప ఎందుకు లేసింది వదినా, గాలి తగలకూడదేమో" సువార్త కంగారుపడింది. "అమ్మ పోసినప్పుడు..."

హేమలత, అమ్మ వైపు చూస్తే నోరు రాదని తెలిసి, ఎస్తేరు వైపే చూస్తూ చెప్పింది.

"అమ్మ పోయలేదు సువార్తత్తా. అమ్మ పూసింది."

సువార్తకు వెంటనే అర్థం కాలేదు. హేమలత ముఖం వైపు చూసింది. తర్వాత కూతురి ముఖం వైపు చూసింది. ఆఖరికి సరళ చేతిలోని డబ్బా వైపు చూసింది. చూపు అక్కడే నిలిచిపోయింది.

"ఏమంటాంది వదినా, నీ కూతురు?" అని అడిగింది. ఆ గొంతులో ఇందాకటి కన్నీరు లేదు.

సరళ పెదవులు కదిలాయి. "దానికి... దానికి ఒళ్లు తెలీదు వదినా. అమ్మ పోసినప్పుడు ఏమేమో మాట్లాడతారు కదా..."

ఆ మాట నోట్లో ఉండగానే నల్లమ్మ పరదా తోసుకుని వచ్చేసింది. ముసలి ముఖం పాలిపోయి ఉంది. మనవరాలి ముందు నేల మీద మోకాళ్లూని, రెండు చేతులూ తల మీదికెత్తి దండం పెట్టింది. హేమలత వద్దనే లోపలే లేచి, కోడలి వైపు తిరిగింది. ఆమె గొంతులో కోపం లేదు, భయమే ఉంది.

"సరళా, ఇందాక నాతో కూడా తల్లి పలికింది. ఇప్పుడు నలుగురి ముందర పలికింది. నువ్వే కదా తల్లి వచ్చిందని మండ కట్టినావు. ఇంక దాయగాకు. ఆ బిడ్డలిద్దరికీ ఏం పూసినావో చెప్పు."

సరళ తల ఎత్తింది. ఎదురుగా గుమ్మానికి తాను పొద్దున బిగించి కట్టిన వేపమండలు, అప్పుడే ఎండకు ఆకులు ముడుచుకుంటున్నాయి. వాటి కింద సువార్త జవాబు కోసం కదలకుండా నిలబడి ఉంది.